సాఫ్ట్‌వేర్ నిర్మాణ వైఫల్యములు: ఒక చారిత్రక పరిశీలనము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్న పెద్దల మాట తెలుగువారికి సుపరిచితము. ఈ రెంటియందును పని చెడుటకు కారణము సాధారణముగా ఒక్కటియే. సమయమునకు రావలసిన వస్తువొకటి రాదు. అది కావలెనని ఎవరికిని ముందుగా చెప్పియుండరు. కంప్యూటరుపై నడచు ప్రోగ్రాముల నిర్మాణమును ఇట్టిదే. మనుష్యులు చదువదగిన భాషలో వ్రాసిన మూలపాఠమును యంత్రము నడుపగల రూపమునకు మార్చు క్రియను సాఫ్ట్‌వేర్ రంగమున 'బిల్డ్' అందురు. నిర్మాణమను తెలుగు మాట దానికి చక్కగా సరిపోవును. ఒక ప్రోగ్రామునకు కావలసిన ఇతర ప్రోగ్రాములను, లైబ్రరీలను వెదకి తెచ్చి, తగిన వరుసలో కూర్చి, యంత్రమున నెలకొల్పు సాధనమునకు ప్యాకేజీ మేనేజరని పేరు.

నిర్మాణము విఫలమైనపుడు తెరపై వేలకొలది పంక్తులు పరుగెత్తును. చివరి పంక్తి వలన పని ఆగినదని మాత్రమే తెలియును. ఏల ఆగినదో కనుగొను విద్యకు డెబ్బది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను పరికించిన ఒక సత్యము స్పష్టమగును. కేక వేసి ఆగిపోయిన నిర్మాణముల వలన కలిగిన నష్టము స్వల్పము. సఫలమైనట్లు కనబడి లోలోపల చెడిన నిర్మాణముల వలన కలిగిన నష్టము అపారము. ఈ రంగమున వెలసిన మేలైన సాధనములలో పెక్కు, మౌనముగా దాగిన దోషమును బయటికి పలికించుటకై పుట్టినవే.

కేంబ్రిడ్జిలో తొలి పాఠములు

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను కంప్యూటరు తన మొదటి ప్రోగ్రామును నడిపెను. దాని నిర్మాతలకు నాయకుడు మారిస్ విల్క్స్. ఆ కాలమున ప్రోగ్రాములను కాగితపు పట్టీలపై రంధ్రములుగా పొడిచి యంత్రమునకు అందించెడివారు. ఏరీ సమీకరణమును సాధించుటకు విల్క్స్ సిద్ధపరచిన 126 పంక్తుల పట్టీలో సుమారు ఇరువది తప్పులుండెను. తన శేషజీవితములో అధికభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే వ్యయము కానున్నదని ఆ రోజులలోనే తనకు తట్టినట్లు ఆయన తరువాత తన ఆత్మకథలో చెప్పుకొనెను.

ఈ బాధకు విల్క్స్ బృందము కనుగొన్న చికిత్స ఉపప్రోగ్రాముల గ్రంథాలయము. ఒకరు వ్రాసి, పరీక్షించి, మెప్పించిన భాగమును పదుగురును వాడుకొనవచ్చును. 1951 నాటికి ఆ గ్రంథాలయమున 87 ఉపప్రోగ్రాములు చేరెను. వాని పట్టీలను ఉక్కు బీరువాలో భద్రపరచిరి. డేవిడ్ వీలర్ రచించిన ప్రారంభాజ్ఞల సహాయముతో ఆ భాగములు ప్రధాన ప్రోగ్రామున తగిన స్థానములలో అమరుచుండెను. నేటి ప్యాకేజీ భాండారములకు ఆ ఉక్కు బీరువాయే పూర్వరూపమని చెప్పవచ్చును. ఒకరి శ్రమ మరొకరికి ఉపయోగపడుట అక్కడ మొదలైనది. ఒకరి తప్పు మరొకరి పని చెరుచుటయు అక్కడనే మొదలైనది. 1952లో అమెరికాయందు గ్రేస్ హోపర్ 'ఏ-జీరో' అను వ్యవస్థను నిర్మించి, భాగములను యంత్రమే కూర్చుకొను పద్ధతిని మరింత ముందునకు నడపెను.

వ్యర్థమైన ఒక ఉదయము

తరువాతి ముఖ్యఘట్టము 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు జరిగెను. అక్కడ పనిచేయుచున్న స్టీవ్ జాన్సన్ తన ప్రోగ్రామున ఒక తప్పు దిద్దెను. అయినను ఆ తప్పు పోలేదు. ఉదయమంతయు వెదకిన పిమ్మట అసలు సంగతి బయటపడెను. దిద్దిన ఫైలును మరల కంపైలరునకు ఇచ్చుట మరచుటచే, యంత్రము పాత రూపమునే నడపుచుండెను. ప్రోగ్రాము సరిగానే యున్నది, నిర్మాణమే తప్పు. ఏ సూచనయు తెరపై రాలేదు. మౌనదోషమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఈ ఉదంతము విన్న సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అను సాధనమును వ్రాసెను. ఏ ఫైలు ఏ ఫైలుపై ఆధారపడియున్నదో ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక పట్టికలో తెలుపవలెను. మేక్ ఆ పట్టికను చదివి, ఫైళ్లు మారిన కాలములను పోల్చి, మారినవానిని, వానిపై ఆధారపడినవానిని మాత్రమే మరల నిర్మించును. ఆ పట్టికలో ఆజ్ఞాపంక్తికి మొదట ట్యాబు గుర్తు తప్పక యుండవలెను. ఖాళీలు వేసిన చెల్లదు. ఈ నియమము ఇబ్బందికరమని ఫెల్డ్‌మన్ త్వరలోనే గుర్తించెను. కాని అప్పటికే తన సాధనమును వాడుచున్న పదిపన్నెండు మందికి కష్టము కలుగునని దానిని మార్పక విడిచెను. ఆనాటి పన్నెండు మందిపై చూపిన దాక్షిణ్యము అర్ధశతాబ్దిగా లక్షలమందిచే తప్పులు చేయించుచున్నది. ఇట్లుండియు మేక్ చేసిన మేలు మిక్కిలి గొప్పది. 2003 సంవత్సరపు ఏ.సి.ఎం. సాఫ్ట్‌వేర్ వ్యవస్థా పురస్కారము దానికి గాను ఫెల్డ్‌మన్‌కు లభించెను.

మేక్‌నకు ఒక పరిమితి కలదు. చెప్పిన ఆధారములను మాత్రమే అది ఎరుగును. పట్టికలో వ్రాయని ఆధారమొకటి యున్నచో, పనులు ఒకదాని వెనుక ఒకటిగా జరిగినంత కాలము అదృష్టవశమున నిర్మాణము సాగవచ్చును. పెక్కు పనులు ఏకకాలమున జరుగునట్లు ఆజ్ఞాపించిన నాడు వరుస తారుమారై నిర్మాణము కూలును. నిన్న నడచినది నేడు కూలి, రేపు మరల నడచుటకు ఇదియొక ముఖ్యకారణము. అందుచే ఇట్టి వైఫల్యము కలిగినపుడు ఒక్కొక్క పనినే వరుసగా చేయించి చూచుట అనుభవజ్ఞుల తొలి పరీక్ష అయినది.

యంత్రమునకొక తీరు

1980ల నాటికి యూనిక్స్ అను వ్యవస్థ పలు సంస్థల చేతులలో పలు రూపములు దాల్చెను. ఒకదానియందున్న సదుపాయము మరొకదానియందు లేదు. ఉన్నను పేరు వేరు, చోటు వేరు. 1991లో గ్నూ ప్రోగ్రాములను సంరక్షించుచుండిన డేవిడ్ మెకంజీకి ఈ భేదములు భరింపరాని భారమయ్యెను. వాడుకరి తన యంత్రమునకు తగినట్లు చేతితో ఎన్నుకొనవలసిన అంశములు ఇరువది వరకు పెరిగెను. ఆ భారము తగ్గించుటకు ఆయన వ్రాసిన సాధనము 'ఆటోకాన్ఫ్'. దానిచే పుట్టు 'కాన్ఫిగర్' అను ప్రోగ్రాము నిర్మాణమునకు ముందు యంత్రమును ప్రశ్నించును. ఫలానా సదుపాయము కలదా యని తెలిసికొనుటకు చిన్న పరీక్షా ప్రోగ్రామును వ్రాసి కంపైలరునకు ఇచ్చును. కంపైలరు అంగీకరించిన కలదనియు, నిరాకరించిన లేదనియు నిర్ణయించును.

ఈ యుక్తి ప్రశంసనీయమైనది. కాని దీనియందే ఒక చిక్కు దాగియున్నది. పరీక్షా ప్రోగ్రాము వేరొక కారణముచే నిరాకరింపబడినను, 'ఆ సదుపాయము లేదు' అనియే కాన్ఫిగర్ తలచును. నిర్మాణము ఆగదు. ఆ అంగము లేకయే ప్రోగ్రాము తయారై బయటికి వచ్చును. ఏ పరీక్ష ఏల నిరాకరింపబడెనో 'కాన్ఫిగ్ డాట్ లాగ్' అను చిట్టాలో పూర్తిగా వ్రాయబడియుండును. ఆ చిట్టాను తెరచి చదువువారు అరుదు.

ప్యాకేజీల యుగము

1990లలో లైనక్స్ వ్యాప్తితో పాటు ప్యాకేజీ మేనేజర్లు వెలసినవి. 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ డెబియన్ ప్రణాళికను ప్రకటించెను. 1994లో దాని 'డీప్యాకేజీ' సాధనము, అదే సంవత్సరము ఫ్రీబీఎస్‌డీవారి 'పోర్ట్స్' సంకలనము, 1995లో రెడ్‌హ్యాట్ వారి 'ఆర్.పి.ఎం.' వెలువడినవి. తొలి సాధనములు ఫలానా ప్యాకేజీ కావలెనని చెప్పి ఆగెడివి. తెచ్చుకొనుట వాడుకరి వంతు. తెచ్చినది మరొకటి కోరును. అది వేరొకటి కోరును. ఈ గొలుసుకట్టు బాధను వాడుకరులు 'డిపెండెన్సీ నరకము' అని వ్యవహరించిరి. ఆర్థికశాఖకు పంపిన ఫైలు అనుబంధము లేదని తిరిగివచ్చి, ఆ అనుబంధమునకు మరొక శాఖ సమ్మతి కావలెనని తెలియవచ్చిన ఉద్యోగికి ఈ బాధ సులభముగా బోధపడును. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో వచ్చిన 'ఆప్ట్' అను సాధనము ఈ గొలుసునంతను తానే వెదకి తెచ్చు పనికి పూనుకొనెను.

పనివంతుడైన సేవకునికిని సాధ్యముకాని కోరికలుండును. ఒక ప్రోగ్రామునకు రెండు లైబ్రరీలు కావలెననుకొందము. మొదటి లైబ్రరీ మూడవదాని పాత కూర్పును, రెండవ లైబ్రరీ దాని క్రొత్త కూర్పును కోరినచో ఇద్దరిని తృప్తిపరచుట ఎట్లు? ఇట్టి కోరికలు వేలకొలది కలిసినపుడు పరిష్కారము కలదో లేదో నిర్ణయించుట గణితశాస్త్ర రీత్యా అతి కఠినమైన సమస్యల తరగతికి చెందినదని యూరప్ పరిశోధకులు 2006లో నిరూపించి ప్రకటించిరి. ప్యాకేజీ మేనేజరు 'కుదరదు' అని చెప్పినపుడు దానిని నిందించుట తగదు. కూర్పుల కోరికలలో దేనిని సడలింపవచ్చునో మనుష్యుడే నిర్ణయింపవలెను.

అదే 2006లో నెదర్లాండ్స్ దేశపు ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమున ఈల్కో డోల్‌స్ట్రా తన సిద్ధాంతవ్యాసమును సమర్పించెను. ఆయన 'నిక్స్' అను ప్యాకేజీ మేనేజరులో ప్రతి ప్యాకేజీయు ప్రత్యేకమైన చోట నివసించును. ఆ చోటి పేరు, ఆ ప్యాకేజీ నిర్మాణమునకు వాడిన సమస్త వస్తువులను బట్టి గణింపబడిన అక్షరమాలతో ఆరంభమగును. ఒకే లైబ్రరీ యొక్క పాత క్రొత్త కూర్పులు కలహింపక పక్కపక్కనే యుండగలవు. అంతకంటె ముఖ్యమైన గుణము వేరొకటి. నిర్మాణము జరుగు గదిలో, ప్రకటించిన వస్తువులు తప్ప మరేమియు కనబడనీయరు. చెప్పక వాడుకొన్న ఆధారమున్నచో నిర్మాణము వెంటనే కూలును. దశాబ్దములుగా మౌనముగా నుండిన దోషము అక్కడ మొదటిసారి నోరు తెరచును. డెబియన్ వారును ప్రతి ప్యాకేజీని శుభ్రమైన ప్రత్యేక వాతావరణమున నిర్మించు ఆచారము పాటించిరి. మూలపాఠము నుండి నిర్మింపరాని ప్యాకేజీని విడుదలకు ఆటంకమగు గంభీర లోపముగా పరిగణించిరి.

రోగనిర్ణయ పద్ధతి

ఇంతకాలపు అనుభవమున వైఫల్యకారణమును వెదకుటకు ఒక క్రమము స్థిరపడెను. మొదటి నియమము: చిట్టాలో చివరి దోషమును విడిచి మొదటి దోషమును పట్టవలెను. తరువాతి వందలాది కేకలు తరచుగా దాని ప్రతిధ్వనులే. రెండవది: 'ఫైలు కనబడలేదు' అను మాటకు అర్థము విచారింపవలెను. డెబియన్ వంటి వ్యవస్థలలో లైబ్రరీని నడుపుటకు ఒక ప్యాకేజీ, దానిపై నిర్మించుటకు కావలసిన హెడ్డరు ఫైళ్లకు 'డెవ్' అను తోకగల వేరొక ప్యాకేజీ యుండును. మొదటిది యున్నను రెండవది లేనిచో నిర్మాణము సాగదు. మూడవది: వస్తువు లేకుండుట వేరు, వెదకిన చోట లేకుండుట వేరు. 2020లో ఆపిల్ సంస్థ తన క్రొత్త ప్రాసెసరుగల కంప్యూటర్లను విడుదల చేసెను. వానియందు హోమ్‌బ్రూ అను ప్యాకేజీ మేనేజరు తన నివాసమును 'యూజర్ లోకల్' నుండి 'ఆప్ట్ హోమ్‌బ్రూ' అను చోటికి మార్చెను. పాత చిరునామాలోనే వెదకు నిర్మాణ పట్టికలు, ఇంటిలో సరకున్నను లేదనుచు విఫలమైనవి.

నాలుగవది: కంపైలరు ఏ వివరణయు లేక అర్ధాంతరముగా చచ్చినచో మూలపాఠమును శంకింపక యంత్రపు మెమరీని, డిస్కును చూడవలెను. మెమరీ చాలనపుడు లైనక్స్ కెర్నెలు కంపైలరునే చంపివేయును. ఐదవది: నిన్నటి వరకు నడచినది నేడు కూలినచో, మధ్యకాలమున జరిగిన మార్పులను సగము సగముగా విభజించుచు పరీక్షింపవలెను. 2005లో పుట్టిన 'గిట్' సాధనమున ఈ పనికి 'బైసెక్ట్' అను ఆజ్ఞ కలదు. వేయి మార్పులలో దోషమునకు మూలమైన దానిని పది పరీక్షలతో పట్టుకొనవచ్చును.

కేక వేసిన దోషములు

2016 మార్చి 22న ఎన్.పి.ఎం. అను జావాస్క్రిప్ట్ భాండారము నుండి 'లెఫ్ట్‌ప్యాడ్' అను ప్యాకేజీని దాని రచయిత తొలగించెను. అది 11 పంక్తులది. ఒక అక్షరమాలకు ఎడమవైపున ఖాళీలు చేర్చుట దాని పని. దానిపై నేరుగానో పరోక్షముగానో ఆధారపడిన బాబెల్ మొదలగు ప్రసిద్ధ ప్రోగ్రాముల నిర్మాణములు లోకమంతట ఆగినవి. ఆధారపడుచున్నట్లు పెక్కుమందికి తెలియనే తెలియదు. సంచలనము పెద్దదైనను వైఫల్యము బహిరంగమైనది గనుక కొన్ని గంటలలోనే ప్యాకేజీ పునరుద్ధరింపబడెను.

2024 మేలో వెలువడిన జి.సి.సి. 14 అను కంపైలరు ఇట్టి బహిరంగ వైఫల్యములను బుద్ధిపూర్వకముగా కలిగించెను. ప్రకటింపని ఫంక్షనును పిలుచుట 1999 నాటి సి-భాషా ప్రమాణమున నిషిద్ధమైనను, కంపైలర్లు హెచ్చరికతో సరిపుచ్చుచు వచ్చినవి. జి.సి.సి. 14 దానిని దోషముగా పరిగణించి నిరాకరించెను. పాత ప్రోగ్రాములు పెక్కు కూలినవి. వానిని దిద్దుట సులభమే. అసలు అపాయము కాన్ఫిగర్ వ్రాసిన పాత పరీక్షా ప్రోగ్రాములయందు ఉండెను. అవి నిరాకరింపబడగా, ఉన్న సదుపాయములను లేవని తలచి, అంగహీనమైన ప్రోగ్రాములు తయారగు ప్రమాదమేర్పడెను. అందుచే లైనక్స్ సంకలనకర్తలు ఆ కంపైలరు రాకకు పూర్వమే వేలాది ప్యాకేజీల చిట్టాలను పాత క్రొత్త కంపైలర్లతో పోల్చి చూడవలసివచ్చెను.

కేక వేయని దోషములు

మౌనదోషము తెలుగు లిపిని సైతము బాధించినది. పైథాన్ భాషలో చిత్రములపై అక్షరములు వ్రాయుటకు 'పిల్లో' అను లైబ్రరీ వాడుకలో కలదు. ఒత్తులు, గుణింతములు తమ స్థానములలో కూర్చుండుటకు దానికి 'రక్మ్' అను మరొక లైబ్రరీ తోడు కావలెను. 2017 నుండి ఈ సదుపాయము కలదు. కాని రక్మ్ ఐచ్ఛికమైన ఆధారము. అది లేకున్నను పిల్లో నిర్మాణము సఫలమగును; ఆంగ్లాక్షరములు చక్కగా వచ్చును. తెలుగు అక్షరములు మాత్రము ఒత్తులు విడివడి, గుణింతములు తొలగి వికృతముగా కనబడును. నిర్మించినవానికి తెలుగు రాకున్నచో ఆ దోషము ఎన్నటికిని తెలియదు. చదువుకొను తెలుగువాడే దానికి మొదటి పరీక్షకుడు.

ఇంతకంటె ఘోరమైనది 2024 మార్చి 29న బయటపడెను. ఫైళ్లను కుదించు 'ఎక్స్‌జెడ్' అను చిన్న ప్యాకేజీ లైనక్స్ యంత్రములలో దాదాపు అంతటను ఉండును. దాని సంరక్షణలో చేరి, రెండేండ్లకు పైగా ఓర్పుతో నమ్మకము సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి, 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగద్వారమును అమర్చెను. దానిని మేల్కొల్పు పంక్తులు బహిరంగ మూలపాఠ భాండారమున లేవు. విడుదల చేసిన మూటలోని నిర్మాణ పాఠమునందు మాత్రమే యుండెను. డెబియన్ లేక ఆర్.పి.ఎం. ప్యాకేజీగా నిర్మించునపుడు మాత్రమే అది పని చేయుచుండెను. అదే ప్యాకేజీలో రక్షణ సదుపాయమొకటి కలదా యని అడుగు పరీక్షా ప్రోగ్రామున ఒకే ఒక చుక్క చేర్చబడెను. ఆ చుక్క వలన పరీక్ష ఎల్లప్పుడు నిరాకరింపబడును. ఆ రక్షణ లేకయే నిర్మాణము సఫలమగును. కాన్ఫిగర్ పద్ధతిలో 1991 నుండి దాగియున్న చిక్కును దుర్బుద్ధి ఆయుధముగా మలచుకొన్నది.

ఈ కుట్రను పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. దూరయంత్రమున ప్రవేశించుటకు సుమారు అర సెకను అధికముగా పట్టుచుండుట గమనించి, ఆ ఆలస్యమునకు మూలమును విడువక వెదకెను. అప్పటికి ఆ కూర్పులు ఎక్కువగా ప్రయోగదశలోని సంకలనములకే చేరియుండుటచే మహావిపత్తు తప్పినది.

నమ్మకమునకు కొలమానము

ఇట్టి మోసము అసాధ్యము కాదని యూనిక్స్ నిర్మాతలలో ఒకడైన కెన్ థాంప్సన్ 1984లో ప్రకటితమైన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగమున హెచ్చరించియుండెను. కంపైలరే మోసగించినచో మూలపాఠమును ఎంత చదివినను తప్పు కనబడదని ఆయన నిరూపించెను. దీనికి సమాధానముగా 2013 నుండి డెబియన్ వారు 'పునరుత్పాదక నిర్మాణము' అను ఉద్యమమును నడపిరి. ఒకే మూలపాఠమును వేర్వేరు వ్యక్తులు వేర్వేరు యంత్రములపై నిర్మించినను ఒక్క బిట్టు కూడ తేడా లేని ఫలితము రావలెనని దాని ఆశయము. నిర్మాణపు తేదీ, ఫైళ్ల వరుస, డైరెక్టరీ పేరు మొదలగు అల్పకారణములు ఫలితమును మార్చుచుండుట కనుగొని ఒక్కొక్కటిగా తొలగించిరి. ఆ తేడాలు తొలగినచోట మిగిలిన తేడా మోసమును పట్టియిచ్చు సాక్షి యగును. కలుషితమైన మూటనే ఇరువురును నిర్మించినచో ఈ పరీక్ష చాలదు. అందుకే ఎక్స్‌జెడ్ ఉదంతము తరువాత, విడుదల మూటను బహిరంగ భాండారముతో పోల్చవలెనను వాదమునకు బలము చేకూరినది.

ఈ చరిత్ర భారతదేశమునకు పరాయిది కాదు. 2007లో సీ-డాక్ సంస్థ డెబియన్ పునాదిపై 'బాస్' అను ఆపరేటింగ్ వ్యవస్థను తెలుగుతో సహా భారతీయ భాషలకు అనువుగా విడుదల చేసెను. 2015లో భారత ప్రభుత్వము తన కార్యాలయములలో మూలపాఠము బహిరంగముగా నుండు సాఫ్ట్‌వేర్‌నకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించెను. పింఛను లెక్కలును, భూమి దస్తావేజులును, పన్నుల పద్దులును ఎవరో ఎక్కడనో నిర్మించిన ప్యాకేజీలపై ఆధారపడి నడచు కాలమిది. మూలపాఠము బహిరంగమైనంత మాత్రమున చాలదు. యంత్రమున నడచునది ఆ మూలపాఠము నుండియే పుట్టినదని చూపగలుగవలెను. ఆ నిదర్శనము నిర్మాణ చిట్టాలలోనే యుండును.

విఫలమైన నిర్మాణమును చూచి విసుగు చెందుట సహజము. హెచ్చరికలను అణచివేసి, పరీక్షలను దాటవేసి, ఎట్లో పని గడుపుకొనవలెనను ప్రలోభమును సహజమే. కాని కేంబ్రిడ్జి కాగితపు పట్టీ మొదలుకొని ఎక్స్‌జెడ్‌లోని చుక్క వరకు సాగిన ఈ చరిత్ర వేరొక పాఠము చెప్పుచున్నది. ఆగిన నిర్మాణము సత్యము పలికిన సాక్షి వంటిది. దాని మాట అప్రియమైనను మొదటి పంక్తి నుండి ఓపికతో వినినవారే తమ ఇంటి పునాదిని ఎరుగుదురు.